ఇంటిలోనే జంతుశాస్త్ర గ్రంథాలయము

గత వర్షాకాలములో ఒకనాటి రాత్రి మా పొరుగింటి అమ్మాయి పరుగున వచ్చి, "మాస్టారూ, మా స్నానాలగది గోడమీద కట్లపాము ఉందండీ. ఒక్కసారి వచ్చి చూడండి" అని పిలిచినది. మాది కడప జిల్లాలో ఒక చిన్న పట్టణము. ఆ అమ్మాయి డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రము చదువుచున్నది. మేము వెళ్ళుసరికి ఆమె తండ్రి కర్ర పట్టుకొని గుమ్మములో నిలిచియుండెను. అమ్మాయి దూరమునుండియే పామును సెల్‌ఫోనుతో ఫోటో తీసి, 'నల్లని పాము, తెల్లని చారలు' అని ఆంగ్లములో అంతర్జాలమును అడిగియుండెను. అది ముందుగా అమెరికా ఖండపు పాములను చూపినది. తరువాత మన కట్లపామును చూపినది. దాని ప్రక్కనే అచ్చముగా దానివలెనే కనిపించు విషములేని పామును కూడ చూపినది. ఒక చోట ఒకే బొమ్మ క్రింద రెండు పేర్లును ఉన్నవి. "ఇందులో ఏది నమ్మాలండీ?" అని ఆ అమ్మాయి అడిగినది.

ఆ పాము సంగతి చివర చెప్పుదుము. ముందు ఆ ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. జంతుశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు, ఇంటిలో అట్టి విద్యార్థి గల ప్రతి తల్లియు తండ్రియు నేడు ఎదుర్కొనుచున్న ప్రశ్న అదే.

మేము చదువుకొన్న రోజులలో ఈ శాస్త్రమునకు మూడు సాధనములు కావలసియుండెను: మంచి ప్రదర్శనశాల, మంచి గ్రంథాలయము, మంచి గురువు. చిన్న ఊళ్ళలోని కళాశాలలకు ప్రదర్శనశాల యనగా రంగు వెలిసిన జంతువులు గల పది ఫార్మలిన్ సీసాలు. గ్రంథాలయమనగా తాళము వేసిన బీరువా. పెద్ద గ్రంథము చూడవలెనన్నచో మద్రాసుకో హైదరాబాదుకో పోవలసియుండెను. నేడు ఆ కొరత చాలవరకు తీరినది. కాని కొత్త కష్టము వచ్చినది. పూర్వము చెరువు ఎండిపోయి నీటికి వెదకితిమి. ఇప్పుడు వరద వచ్చినది. అందులో త్రాగదగిన నీరు ఏదో తెలియకున్నది.

ఈ వరదలో విద్యార్థికి చేతికి దొరకవలసిన మొదటి ఆధారము జీవియొక్క శాస్త్రీయ నామము. రంగును, చారలను వర్ణించి వెదకినచో ప్రపంచములోని అన్ని పాములును ఎదుట నిలుచును. పేరుతో వెదకినచో ఆ ఒక్క పామే వచ్చును. లోకవ్యవహారములోని పేర్లు ఇందుకు చాలవు. ఒక ఊరిలో కట్లపాము అన్నది మరియొక ఊరిలో వేరొక పాము కావచ్చును. చారలున్న ప్రతి పామును కట్లపామే అనువారు కూడ కలరు. అందుచేతనే స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు జంతువులకు రెండేసి పదముల పేర్లు పెట్టు పద్ధతిని స్థిరపరచెను. 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదవ కూర్పే నేటికిని జంతునామములకు మొదటి హద్దు. కట్లపామును శాస్త్రజ్ఞులు బుంగారస్ సెరూలియస్ అందురు. ఈ పేరు కడపలోను, కాశీలోను, కొలంబోలోను ఒక్కటే.

బుంగారస్ అను మాట వినగానే మన చెవికి ఏదో పరిచయమున్నట్లు తోచును. అది నిజమే, ఆ మాట మనదే. ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశీయుడు 18వ శతాబ్దపు చివరి భాగమున విశాఖపట్టణములో ఉండి, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఈ తీరపు జీవులను పరిశీలించెను. ఆయన వృత్తిచే వైద్యుడు. ఇక్కడి పాములను సేకరించి, వాటి బొమ్మలు వేయించి, స్థానికులు వాటిని పిలుచు పేర్లను తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. కోరమండల తీరపు సర్పములను గూర్చిన ఆయన గ్రంథము 1796లో వెలువడినది. పసుపు, నలుపు పట్టలు గల పామును మనవారు బంగారు పాము అనిరి. ఆయన అట్లే వ్రాసెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ 1803లో ఆ తెలుగు మాటనే లాటిను తీరుకు మార్చి బుంగారస్ అను ప్రజాతి నామము చేసెను. మన జాలరులు, పాములవారు పలికిన మాట ఈనాడు ప్రపంచములోని ప్రతి సర్పశాస్త్ర గ్రంథమునందును ఉన్నది. మన రక్తపింజరికి ఉన్న డబోయా రస్సెలీ అను పేరులో ఆ వైద్యుని పేరు నిలిచినది.

రస్సెల్ గ్రంథమును మేము విద్యార్థి దశలో కంటితో చూడలేదు. ఇప్పుడు ఎవరైనను దాని రంగుబొమ్మలను ఇంటిలో కూర్చుండి చూడవచ్చును. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అను అంతర్జాల గ్రంథాలయమును కొన్ని ప్రదర్శనశాలలు, గ్రంథాలయములు చేరి 2006లో ప్రారంభించినవి. అందులో 6 కోట్లకు పైగా పుటలున్నవి. రుసుము లేదు. బ్లాన్‌ఫర్డు సంపాదకత్వమున 19వ శతాబ్దపు చివర మొదలైన బ్రిటిషు ఇండియా జంతుసంపుటములు, నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1862 మొదలు ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథము, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము 1886 నుండి నడుపుచున్న పత్రికయొక్క పాత సంపుటములు అందులో దొరకును. ఈ పాత గ్రంథములలో తెలుగు విద్యార్థికి ప్రత్యేకముగా ఒక లాభమున్నది. అనేక పక్షుల, చేపల వర్ణనల క్రింద ఆనాటి తెలుగు పేర్లు కూడ ఆంగ్లలిపిలో ఉన్నవి. మనము మరచిపోయిన మాటలు కొన్ని అక్కడ భద్రముగా ఉన్నవి.

అయితే పాత గ్రంథములో ఉన్న పేరు నేటి పేరు కాకపోవచ్చును. పరిశోధన పెరిగినకొలది ఒక జీవిని ఒక ప్రజాతినుండి మరియొక ప్రజాతికి మార్చుచుందురు. అప్పుడు పేరులోని మొదటి పదము మారును. రెండవ పదము సాధారణముగా నిలుచును. కాబట్టి పాత పేరును పట్టుకొని నేటి పేరును తెలిసికొనుట విద్యార్థి నేర్వవలసిన రెండవ పని. క్యాటలాగ్ ఆఫ్ లైఫ్ అను పట్టికలో పాత పేరు వ్రాసినచో దానికి నేడు ఆమోదములోనున్న పేరు కనబడును. సరీసృపములకు రెప్టైల్ డేటాబేస్, కప్పలకు ఆంఫీబియావెబ్, చేపలకు ఫిష్‌బేస్, సముద్రజీవులకు వోర్మ్స్ అనునవి ప్రత్యేక పట్టికలు. ఫిష్‌బేస్ 1996 నుండి అంతర్జాలములో ఉన్నది. సుమారు 35,000 జాతుల చేపల వివరములు అందులో కలవు. మన కొర్రమీను ఎంత పెరుగును, ఏమి తినును, ఏ నీటిలో ఉండును, ఏ పరిశోధకుడు ఆ సంగతి చెప్పెను అనునవి అన్నియు అక్కడ ఒకే చోట దొరకును.

మన దేశపు సంస్థలు చేసిన పని కూడ తక్కువది కాదు. కలకత్తాలో 1916లో స్థాపింపబడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ తన పత్రికను, అనేక గ్రంథములను ఉచితముగా చదువుకొనుటకు అంతర్జాలములో ఉంచినది. ఆ సంస్థ 2024 జూన్ 30న మన దేశపు జంతుజాతుల సమగ్ర పట్టికను ప్రకటించినది. అందులో 1,04,561 జాతులు ఉన్నవి. ఒక జాతి మన దేశములో ఉన్నదా లేదా అను సందేహము వచ్చినప్పుడు మొట్టమొదట చూడవలసినది ఇదియే. 2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో సామాన్యులు తీసిన ఫోటోలను తెలిసినవారు పరిశీలించి పేర్లు చెప్పుదురు. సీతాకోకచిలుకలకు బెంగుళూరు శాస్త్రజ్ఞులు నడుపు బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా కలదు. గొంగళిపురుగు మొదలు రెక్కల పురుగు వరకు అన్ని దశల బొమ్మలను అందులో చూడవచ్చును.

రేడియో వినువారికి ప్రీతి కలిగించు సాధనము మరియొకటి ఉన్నది. 2005లో నెదర్లాండ్సు దేశీయులు ఇద్దరు ప్రారంభించిన జెనో-కాంటో అను చోట పక్షుల కూతలను దాచుచున్నారు. ప్రపంచమంతటను పక్షి ప్రేమికులు ధ్వనిముద్రణము చేసి పంపిన కూతలు అందులో ఉన్నవి. పుస్తకములో 'కీచుమని కూయును' అని చదివిన విద్యార్థికి ఏమి తెలియును? తెల్లవారుజామున పెరటిలో కూసినది జెముడుకాకియో, కోకిలయో ఒక్కసారి విని పోల్చుకొన్నచో జన్మలో మరువడు. ఇదే విధముగా అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాలవారి ఈబర్డ్‌లో ఏ నెలలో ఏ ప్రాంతమున ఏ పక్షి కనిపించినదో చూడవచ్చును.

ఇక పాఠముల మాట. పదునొకండు, పండ్రెండు తరగతుల జీవశాస్త్ర పుస్తకములను ఎన్‌సీఈఆర్‌టీవారు ఉచితముగా ఇచ్చుచున్నారు. డిగ్రీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన స్వయం అను వేదికలో అధ్యాపకుల ఉపన్యాసములు కలవు. వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి ధ్రువపత్రము కోరువారు మాత్రము రుసుము కట్టవలెను. ఎం.ఎస్సీ. వారికి ఈ-పీజీ పాఠశాల ఉన్నది. మిషిగన్ విశ్వవిద్యాలయమువారి ఆనిమల్ డైవర్సిటీ వెబ్‌లో ఒక్కొక్క జంతువుయొక్క ఆహారము, సంతానము, ప్రవర్తన ఒక క్రమములో వ్రాయబడియున్నవి. వాటిలో పెక్కు వ్యాసములు విద్యార్థులు వ్రాసి, అధ్యాపకులు దిద్దినవి. వ్యాసము ఎట్లు వ్రాయవలెనో నేర్చుకొనుటకు కూడ అవి పనికివచ్చును.

కొందరు తల్లిదండ్రులు ఒక అనుమానము అడుగుదురు. కప్పను కోయకుండ జంతుశాస్త్రము వచ్చునా అని. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2014లో ఈ తరగతులలో జంతువుల కోతను మానవలెనని ఆదేశించినది. మేము మా కాలములో వందల కప్పలను కోసితిమి. నిజము చెప్పవలెనన్నచో, వాటిలో ఎక్కువ భాగము పరీక్షలో మార్కులకొరకే కోసితిమి గాని తెలిసికొనుటకు కాదు. నేడు కోత యొక్క చిత్రములను, చలనచిత్రములను ఎన్నిసార్లైనను నిలిపి చూడవచ్చును. అయితే చూచి ఊరకుండరాదు. చూచినదానిని కాగితముపై పెన్సిలుతో గీయవలెను. చేతితో గీయనిదే కన్ను దేనిని పూర్తిగా చూడదు.

ఏది నమ్మవలెనన్న ప్రశ్నకు ఇప్పుడు వచ్చుచున్నాము. మేము మా విద్యార్థులకు నాలుగు ప్రశ్నలు చెప్పుచుందుము. ఈ మాట ఎవరు చెప్పినారు? దేనిని చూచి చెప్పినారు? ఎప్పుడు చెప్పినారు? ఏ ప్రాంతమును గూర్చి చెప్పినారు? ఈ నాలుగింటికి జవాబు దొరకని పుటను చదువవచ్చును గాని, దానిని ప్రమాణముగా వ్రాయరాదు. వికీపీడియాను కొందరు వేదముగా చూతురు, కొందరు అంటరానిదిగా చూతురు. రెండును తగవు. అది గుమ్మము వంటిది. అక్కడ శాస్త్రీయ నామమును, మూలగ్రంథముల పేర్లను తీసికొని లోపలికి పోవలెను. ఇప్పటి కృత్రిమ మేధ సాధనములు కూడ అడిగిన వెంటనే ధారాళముగా చెప్పును. అవి తప్పును కూడ అంతే ధారాళముగా చెప్పునని మరువరాదు. అవి చెప్పిన గ్రంథము నిజముగా ఉన్నదా అని చూచుకొనవలెను. పరిశోధన వ్యాసములలో కొన్నిటికి ధర ఎక్కువ. అట్టి వ్యాసము కావలసినచో రచయితకు మర్యాదగా ఒక ఉత్తరము వ్రాసిన చాలును. చాలమంది సంతోషముగా పంపుదురు. కోయంబత్తూరునుండి వెలువడు జర్నల్ ఆఫ్ త్రెటెన్డ్ టాక్సా వంటి పత్రికలు అందరికిని ఉచితమే.

ఇన్ని చెప్పిన తరువాత ఇంకొక మాట చెప్పకున్నచో పొరపాటగును. అంతర్జాలములో అన్నియు లేవు. మా జిల్లాలోని కలివికోడియే ఇందుకు సాక్ష్యము. జెర్డన్ దొరకబుచ్చుకొన్న ఈ పక్షికి బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు 1848లో పేరు పెట్టెను. దీని తెలుగు పేరును ఆనాటి గ్రంథములలో 'అడవ వుత తిత్తి' అను రీతిలో వ్రాసిరి. 1900 తరువాత అది ఎవరికిని కనిపించలేదు. లోకము దానిని అంతరించిన పక్షిగా ఎంచినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని బొమ్మను పట్టుకొని పల్లెలలో తిరిగి విచారించిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక గ్రామవాసి రాత్రివేళ దానిని పట్టి తెచ్చెను. 86 సంవత్సరములు శాస్త్రజ్ఞులకు దొరకని పక్షి, చిట్టడవిలో తిరుగు మనిషికి దొరికినది. దానికొరకే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అది నేటికిని అత్యంత ప్రమాదములోనున్న జాతులలో ఒకటి. ఆ పక్షిని గూర్చి అంతర్జాలములో చదువదగినది కొంత ఉన్నది. కాని అందులో ప్రతి వాక్యమును ఎవరో ఒకరు ముళ్ళకంపలలో రాత్రులు గడిపి తెచ్చినదే.

కాబట్టి విద్యార్థులు తీసికొనువారుగా మాత్రమే మిగిలిపోరాదని మా కోరిక. మీ పెరటిలోని కప్పను, మీ చెరువులోని కొంగను తేదీ, స్థలము వ్రాసి ఐనాచురలిస్ట్ వంటి చోట పెట్టవచ్చును. ప్రమాదములోనున్న జాతి అయినచో దాని సరియైన చోటును అందరికిని కనబడనీయక మరుగుపరచు ఏర్పాటు అక్కడ ఉన్నది. మీరును గూటి జాడలను బహిరంగముగా చెప్పకుడు. తెలుగు వికీపీడియా 2003నుండి ఉన్నది. మన జంతువులను గూర్చి అందులో వ్రాయవలసినది ఇంకను ఎంతో కలదు. ఒక నోటుపుస్తకములో మూడు గడులు గీసికొనుడు. ఒకదానిలో మీ ఊరి పేరు, రెండవదానిలో ఆంగ్లనామము, మూడవదానిలో శాస్త్రీయ నామము. ఏడాది తిరుగుసరికి ఆ నోటుపుస్తకమే మీకు మంచి గురువగును.

ఇక ఆనాటి పాము. ఆ అమ్మాయిని గుమ్మము దాటనీయక, దూరమునుండియే ఫోటోను పెద్దది చేసి చూడుమంటిమి. కట్లపాము నిగనిగలాడు నలుపు. దాని సన్నని తెల్లచారలు తరచుగా జంటజంటలుగా ఉండి, తోకవైపు స్పష్టముగాను, మెడవైపు మాసినట్లుగాను ఉండును. వెన్ను మీది పొలుసులు పెద్దవిగా ఆరు మూలలతో ఉండును. గోడమీది పాము గోధుమరంగుది. దాని చారలు మెడవద్ద స్పష్టముగా ఉండి, తోకవైపు పోవుకొలది కలిసిపోయినవి. గోడలెక్కి బల్లులను పట్టుకొను అలవాటు గల పాము అది. శాస్త్రీయ నామము లైకోడాన్ ఆలికస్. ఈ పేరుతో అమ్మాయి రెప్టైల్ డేటాబేస్‌లో ఒకసారి, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో ఒకసారి చూచినది. రెండు చోట్లను ఒకే సంగతి. "విషం లేదు నాన్నా, కర్ర పక్కన పెట్టండి" అని తండ్రితో చెప్పినది.

అయినను ఆ పామును మేము ముట్టలేదు, ముట్టనీయలేదు. ఫోటోను చూచి గుర్తించుట చదువుకొరకే గాని ప్రాణముతో పందెము వేయుటకు కాదు. కట్లపాము కాటు అంతగా నొప్పి పుట్టించదు. నేలమీద పడుకొన్నవారు నిద్రలో కాటు తిని తెలియకయే ప్రాణము పోగొట్టుకొనుచున్నారు. పాము కరచినచో దాని పేరు వెదకుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. మన దేశములో ఇచ్చు విషహర ఔషధము నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటికిని పనిచేయును.

కిటికీ తెరచి దీపము ఆర్పి వచ్చితిమి. తెల్లవారుసరికి పాము వెళ్ళిపోయినది. మరునాడు ఆ అమ్మాయి తన నోటుపుస్తకము తెచ్చి చూపినది. ఆంగ్లనామము వ్రాసినది, శాస్త్రీయ నామము వ్రాసినది, తెలుగు గడి మాత్రము ఖాళీగా ఉన్నది. తండ్రిని అడిగినచో, "మా ఊళ్ళో దీన్ని కూడా కట్లపామనే అంటాం, అలాగే కొట్టి చంపుతాం" అన్నాడట. దానికి వేరే పేరు ఎక్కడనైనను ఉండకపోదని, సెలవులలో అమ్మమ్మగారి ఊరికి పోయి పెద్దలను అడిగి వత్తునని ఆ అమ్మాయి చెప్పినది. ఆ గడి నిండిననాడు మాకు చూపుమని మేము కోరితిమి.